ఇటుక చీర కట్టిన కొయ్య ఇల్లు



ఇవాళ మీకొక ఇంటి సంగతి చెప్పబోతున్నాను. ఆ ఇల్లు మన దేశంలోది కాదు. ఇంగ్లండులో, లండనుకి ఆగ్నేయంగా కెంట్ అనే జిల్లా ఉంది. వాళ్ళు కౌంటీ అంటారు గాని మనకు జిల్లా లాంటిదే. మా చెల్లెలూ మరిదీ ఆ ప్రాంతాల స్థిరపడి చాలా ఏళ్ళయింది. పట్నంలో ఇరుకింట్లో ఉండి ఉండి విసుగెత్తి, ఒక పల్లె పక్కన పాత రైతు ఇల్లు కొనుక్కున్నారు. "అక్కా, అయిదు వందల ఏళ్ళ ఇల్లు! నువ్వు వచ్చి చూసి తీరాలి" అని ఒకటే పోరు. సరే, ఒక వసంతకాలంలో బయల్దేరి వెళ్ళాను. రెండు నెలలున్నాను.

కారు దిగి చూద్దును గదా, నా ప్రాణం ఉసూరుమంది. అయిదు వందల ఏళ్ళ ఇల్లంటే ఏదో కోటలా ఊహించుకున్నాను. తీరా అక్కడున్నది ఎర్ర ఇటుకల గోడ. మధ్యలో తలుపు. తలుపుకి అటు రెండూ ఇటు రెండూ తెల్లచట్రాల కిటికీలు, మేడ మీద అయిదు. మన రైల్వే క్వార్టర్సుకి పెద్దక్కగారిలా ఉంది. "ఇదేనా?" అన్నాను. "ముందు లోపలికి రా, అక్కా" అంది మా చెల్లెలు.

లోపలికెళితే కథ వేరు. నాకిచ్చిన మేడగదిలో చేతిలోంచి నిమ్మకాయ జారితే, అది తిన్నగా దొర్లుకుంటూ పోయి అవతలి గోడకు కొట్టుకుని ఆగింది. నేల అంత వాలు. బట్టల బీరువా పక్కన గోడలోంచి నా నడుమంత లావు స్తంభం బయటికి కనబడుతోంది. పైకి పోయేకొద్దీ అది సన్నబడలేదు సరిగదా, ఇంకా లావయింది! పైన అడ్డంగా ఒక దూలం. మన తాటిదూలం దాని ముందు చిన్నపిల్ల. బయట చూస్తే ఇటుక ఇల్లు, లోపల చూస్తే కొయ్య ఇల్లు. ఏది నిజం?

వంటింట్లో మరొకటి కనిపెట్టాను. వీధివైపు గోడ కిందిభాగం చెమ్మ. మన వానాకాలంలో ముక్కిపోయిన బియ్యపు డబ్బా మూత తీస్తే వస్తుందే, ఆ వాసన. నేను వెళ్ళేసరికే ఆ గోడ గురించి మొగుడూ పెళ్ళాల మధ్య పెద్ద తగువు నడుస్తోంది. మా చెల్లెలేమో, "ఈ ఇటుకలన్నీ ఊడబీకించి లోపలి కొయ్య అంతా కనబడేలా చేయిద్దాం, పత్రికల్లో బొమ్మల్లా ఉంటుంది" అంటుంది. మా మరిదిగారేమో, "అంత డబ్బు ఎక్కడిది? లోపలివైపు సిమెంటు పూత వేయిస్తే చెమ్మ ఆగుతుంది, తీరిపోతుంది" అంటారు. నన్ను తీర్పు చెప్పమన్నారు. నాకేం తెలుసునని? చూసి చెబుతానన్నాను.

చూడటం అటక దగ్గర మొదలయింది. నిచ్చెన వేసుకుని దీపం పట్టుకుని ఎక్కాను. మా మరిదిగారు కింద నిచ్చెన పట్టుకుని, "అక్కయ్యగారూ, జాగ్రత్తండీ, పెద్దవారు" అంటూనే ఉన్నారు. పైన వాసాలన్నీ నల్లగా నిగనిగలాడుతున్నాయి. "ఇక్కడెప్పుడో నిప్పంటుకుంది, అక్కా" అంది చెల్లెలు. నేను వేలితో రాసి చూశాను. నిప్పంటుకుంటే కొయ్య బొగ్గవుతుంది, పెళుసుగా రాలుతుంది. ఇది రాలడంలేదు. పూతలా అంటుకుని ఉంది. కట్టెల పొయ్యి మీద వండినవాళ్ళకు ఆ నలుపు తెలియదూ? మా అమ్మమ్మగారి వంటింటి పెణక అచ్చం ఇలాగే ఉండేది. ఇది ఏళ్ళ తరబడి పట్టిన పొగచూరు. అయితే కింద ఉన్నది పడకగది. పడకగది పైన అంత పొగ ఎలా వచ్చింది? పొగగొట్టం ఉంటే పొగ అందులోంచి పోవాలి గదా, వాసాల దాకా ఎందుకొస్తుంది?

మా ఇద్దరి పంతమూ చూసి మా మరిదిగారు ఒక ఆదివారం పొద్దున్నే కారు తీశారు. పడమటి ససెక్స్‌లో సింగిల్టన్ అనే ఊరు దగ్గర, వీల్డ్ అండ్ డౌన్‌లాండ్ మ్యూజియం ఉంది. మ్యూజియం అంటే అద్దాల పెట్టెలు కావు, ఇళ్ళే. పడగొట్టవలసి వచ్చిన పాత ఇళ్ళను ముక్క ముక్కగా విప్పి తెచ్చి, అక్కడి కొండవాలు మీద మళ్ళీ నిలబెట్టారు. 1970లో జనానికి తెరిచారు. అందులో బేలీఫ్ అనే రైతు ఇల్లుంది. అదీ కెంట్ జిల్లాదే, చిడింగ్‌స్టోన్ ఊరిది. అక్కడ బౌ బీచ్ జలాశయం కడుతుంటే ఆ ఇల్లు అడ్డమొచ్చింది. 1968 ప్రాంతంలో దాన్ని విప్పి, 1972లో ఇక్కడ మళ్ళీ కట్టారు. ఇందులో పాతభాగం 15వ శతాబ్దపు మొదటిది. కొయ్యలోని వలయాలు లెక్కపెట్టి చెట్టు నరికిన కాలం చెబుతారు, ఆ లెక్క అది.

గడప దాటగానే నా సందేహం తీరిపోయింది. నడి ఇంట్లో, నేల మధ్య, ఇంత నిప్పు! పొయ్యి గూడు లేదు, పొగగొట్టం లేదు. తలెత్తితే పైకప్పు దాకా ఒకటే ఖాళీ, మధ్యలో అంతస్తు లేదు. పొగ తీరిగ్గా పైకి పోయి, వాసాల మధ్య కాసేపు తిరిగి, పెంకుల సందుల్లోంచీ కప్పు కొసల్లోంచీ బయటికి పోతోంది. మా చెల్లెలి పడకగది ఒకప్పుడు గది కాదు, ఇలాంటి హాలు పైన ఉన్న ఖాళీ అన్నమాట! నేను మా చెల్లెలి ముఖం చూశాను. కళ్ళు నలుపుకుంటోంది, పొగకే.

మన ఇళ్ళను అంకణాలతో లెక్కపెట్టినట్టే వాళ్ళూ స్తంభానికీ స్తంభానికీ మధ్య జాగాతో లెక్కపెట్టేవారు. బేలీఫ్ నాలుగు అంకణాల ఇల్లు. నడిమి రెండూ కలిపి హాలు. ఒక చివర కింద రెండు కొట్లు, ఒకటి రొట్టె, దినుసులకూ ఇంకొకటి పానీయాలకూ. రెండో చివర ఇంటివారి గది, దాని మీద పడకగది. ఈ రెండు చివర్లా మేడగది కింది గోడకంటే ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. హాలు గోడ మాత్రం వెనక్కి ఉంటుంది. కప్పు మాత్రం అన్నిటికీ ఒకటే. వీల్డ్ అనేది కెంట్, ససెక్స్ జిల్లాల నడుమ ఉన్న అడవి ప్రాంతం. అక్కడ ఎక్కువగా కనబడతాయి గనుక వీటిని వీల్డెన్ ఇళ్ళంటారు. కిటికీలకు గాజు లేదు. నిలువుగా కొయ్యకడ్డీలు, లోపల మూసుకునే చెక్కలు, అంతే. ఆ చలిదేశంలో!

కొయ్య పని చూస్తే మన వడ్రంగులు మెచ్చుకుంటారు. అంతా ఓక్ కలప. ఎండబెట్టిన కలప కూడా కాదు, పచ్చిది. పచ్చిగా ఉన్నప్పుడే ఓక్ బాడిసకు లొంగుతుంది, ఎండితే ఇనుమే. చెట్టు మొదలు పైకి వచ్చేలా తలకిందులుగా నిలబెట్టేవారట స్తంభాన్ని. మొదట్లో లావుంటుంది గదా, పైన మూడు దిక్కుల దూలాలూ వచ్చి కూర్చోవడానికి చోటుంటుంది. నా గదిలో స్తంభం పైకి పోయేకొద్దీ ఎందుకు లావయిందో అప్పుడు తెలిసింది. ఒక దుంగ కొసన కుసి చెక్కుతారు, రెండోదానిలో బెజ్జం తొలుస్తారు, దాన్ని దీంట్లో దూర్చి కొయ్యచీల కొడతారు. చీల కోసం తొలిచే రెండు కంతల్నీ కావాలనే కాస్త ఎడంగా తొలుస్తారు. చీల దిగేకొద్దీ రెండు దుంగలూ దగ్గరికి లాక్కుంటాయి. ఇనపమేకుతో పనే లేదు.

ఇంకో తమాషా. ఇంటి చట్రం మొత్తం ముందు వడ్రంగి దొడ్లో నేల మీద పరిచి అమర్చి చూసుకుంటారు. ఏ దుంగ దేనికో తెలిసేలా రోమన్ అంకెలు గీస్తారు. తరువాత విప్పి, బళ్ళ మీద వేసుకుని, ఇల్లు కట్టే చోటికి తీసుకుపోతారు. తొమ్మిదికి మనం నేర్చుకున్న గుర్తు కాదు, అయిదు గుర్తు పక్కన నాలుగు గీతలు. ఉలితో గీసే మనిషికి అదే సుళువు మరి.

కొయ్యల మధ్య ఖాళీల సంగతి చెబితే మీరు నవ్వుతారు. చీల్చిన కర్రలు నిలువుగా దూర్చి, హేజిల్ అనే చెట్టు సన్నబెత్తాలు వాటి చుట్టూ అల్లుతారు. అచ్చం మన తడికే. దాని మీద బంకమట్టి, గడ్డి, ఆవుపేడ కలిపి తొక్కి మెత్తుతారు. ఆపైన వెల్ల వేస్తారు. అక్కడున్న మనిషి ఇదంతా మాకు విడమరిచి చెబుతుంటే, నేను ఊరుకోలేక, "మా దేశంలో మా పిన్నమ్మలూ పెద్దమ్మలూ పండగకు పండగకు చేసే పనే నాయనా ఇది" అన్నాను. ఆయన నమస్కారం పెట్టాడు.

ఇలా చట్రం మీద కట్టిన ఇంట్లో గోడ బరువు మొయ్యదు. కప్పు బరువంతా దూలాల మీదా, దూలాల బరువు స్తంభాల మీదా, స్తంభాల బరువు అడుగు దుంగ మీదా. గోడ చలి రాకుండా అడ్డుగా ఉంటుందంతే. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి. మా చెల్లెలి తగువు ఇక్కడే తెగింది.

మరి ఈ ఇళ్ళు ఇటుక ఇళ్ళెలా అయ్యాయి? మొదట వచ్చింది పొగగొట్టం. 16వ శతాబ్దంలో ఇటుకతో పొగగొట్టం కట్టుకుని, నిప్పును గోడ పక్కకు తీసుకుపోయారు. పొగ పోయాక హాలు పైన ఖాళీ దండగ గదా, అక్కడ అంతస్తు వేసి పడకగది చేసుకున్నారు. విలియం హారిసన్ అని ఒక చర్చి గురువు 1577లో అచ్చయిన తన పుస్తకంలో ఊరి ముసలివాళ్ళ మాట రాశాడు. వాళ్ళ కళ్ళెదుట మారిపోయినవి మూడట. ఊరంతా పొగగొట్టాలు లేచాయి, పరుపులు బాగుపడ్డాయి, కొయ్యపళ్ళాల స్థానంలో లోహపు పళ్ళాలొచ్చాయి. పూర్వం తలగడ అంటే పురిటాలికి తప్ప పనికిరాదనుకునేవారట! ఇంకో ముచ్చట, పొగ ఇంటి కొయ్యను గట్టిపరుస్తుంది, మనిషికీ మంచిది, పొగగొట్టాలొచ్చాకే ఈ జలుబులూ పడిశాలూ అని గొణుక్కునేవారట. ఈ గొణుగుడు ఏ దేశంలోనైనా ఒకటే.

ఇటుక తొడుగు ఆ తరువాతి సంగతి. 1666లో లండన్ తగలబడింది. మరుసటి ఏడు చట్టం చేసి, నగరంలో కొత్త ఇళ్ళు ఇటుకతోనో రాతితోనో కట్టాలన్నారు. ఆ చట్టం పల్లెలకు వర్తించదు. కాని పట్నపు ముస్తాబు పల్లెకు రాకుండా ఉంటుందా? 18వ శతాబ్దానికి కొయ్య ఇల్లంటే మోటు, పాతకాలం. తలుపు మధ్యలో ఉండి, రెండు వైపులా కిటికీలు సమంగా ఉండి, ఎర్రటి ఇటుక ముఖం ఉంటేనే మర్యాదస్తుల ఇల్లు. డబ్బున్నవాడు పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకున్నాడు. ఓపిక అంతంతమాత్రంగా ఉన్న రైతు పాత చట్రాన్ని అలాగే ఉంచి, ముందు ఇటుక వరస ఒకటి లేపాడు. హాలు గోడ లోపలికుండి, రెండు చివర్లా మేడలు ముందుకున్నాయన్నాను గదా, ఆ మేడల అంచుకి సరిగ్గా కింద ఇటుక గోడ లేపితే ముఖం తిన్నగా వచ్చేస్తుంది. వీధివైపు మాత్రమే! మా చెల్లెలి ఇంటి వెనక్కి వెళ్ళి చూస్తే అక్కడ కొయ్య, మట్టి, పైన పెంకులు. ఎవరూ చూడని వైపు డబ్బు ఎందుకు పొయ్యాలి? తప్పుపట్టను. మన ముందుగదిలో మంచి కర్టెన్లూ వంటింట్లో పాత చీరె కర్టెనూ ఉండటంలేదూ?

అయితే ముస్తాబు ఒక్కటే కారణమనడం అన్యాయం. పచ్చి ఓక్ ఎండేకొద్దీ ముడుచుకుంటుంది, వంకర తిరుగుతుంది. మట్టికీ కొయ్యకూ మధ్య సందు పడుతుంది. వందల ఏళ్ళయ్యాక ఆ సందుల్లోంచి ఈదురుగాలి. ఇటుక అడ్డుపెడితే చలి తగ్గుతుంది, నిప్పు భయమూ తగ్గుతుంది. ఆ ఇంటి ఇల్లాలు ఎన్ని చలికాలాలు పోరిందో!

1784లో అక్కడి ప్రభుత్వం, విలియం పిట్ ప్రధానిగా ఉండగా, ఇటుక మీద పన్ను వేసింది. అమెరికా యుద్ధానికి చేసిన అప్పు తీర్చాలి గదా. వెయ్యి ఇటుకలకు రెండున్నర షిల్లింగులు. లెక్క ఇటుకల సంఖ్య మీద గనుక కొందరు ఇటుక సైజు పెంచేశారు. దాంతో 1803లో పెద్ద ఇటుకకు రెట్టింపు పన్నన్నారు. 1850లో గాని ఈ పన్ను పోలేదు. ఇటుక కూడా అక్కర్లేకుండా, కొయ్యపట్టీల మీద ఒకరకం పెంకులు దిగ్గొట్టి అచ్చం ఇటుక గోడలా చూపించే విద్య కూడా ఒకటుంది. లూయిస్, బ్రైటన్, కాంటర్‌బరీ ఊళ్ళలో ఇప్పటికీ కనబడతాయి. పన్ను ఎగ్గొట్టడానికే పుట్టాయంటారు గాని అవి పన్నుకంటే ముందునుంచీ ఉన్నాయి. పైగా పెంకులకూ పన్నుండేది.

తొడుగు వేసుకున్న ఇంటిని పోల్చుకోవడం నాకు బాగా అలవాటయింది. కారులో పోతూ "అదిగో ఒకటి, అదిగో ఇంకొకటి" అనేదాన్ని. కప్పు చూడండి. మరీ నిటారుగా ఉండి, చూరు బాగా కిందికి దిగి, ఇటుక ముఖానికి కాస్త పెద్ద టోపీలా ఉంటుంది. కిటికీలు ఎంత సమంగా పెడదామన్నా లోపలి స్తంభం ఒప్పుకోదు, ఒకటి అంగుళాల్లో తేడాగా కూర్చుంటుంది. పొగగొట్టం కప్పు నడిమధ్యకు రాకుండా పక్కకుంటుంది. ఇటుక వరస చూసినా తెలుస్తుంది. మందపు గోడైతే కొన్ని ఇటుకలు అడ్డంగా లోపలికి దూరతాయి, వాటి పొట్టి ముఖం బయటికి కనబడుతుంది. ఒంటి వరస తొడుగు మందం నాలుగున్నర అంగుళాలు, అందులో అడ్డంగా పెట్టే చోటేది? అందుకని అన్నీ పొడుగు ముఖాలే ఉంటాయి. మా చెల్లెలి ఇంటికి మాత్రం పొట్టి ముఖాలూ ఉన్నాయి. తరువాత విప్పి చూస్తే అవి సగానికి విరగ్గొట్టి పెట్టిన ఇటుకముక్కలు! గోడ మందమని చూసేవాళ్ళను నమ్మించడానికి.

ఇక అసలు సంగతికొస్తాను. పాత ఇళ్ళ పని తెలిసిన వడ్రంగి ఒకాయన వచ్చాడు. ముసలాయన, మాట తక్కువ. అక్కడ ఇలాంటి పాత ఇళ్ళు ప్రభుత్వ జాబితాలో ఉంటాయి. 1947 చట్టంతో బలపడిన పద్ధతి అది. అనుమతి లేకుండా మార్పులు చేస్తే నేరం. అనుమతి తెచ్చుకున్నాకే ఆయన వంటింటి కిటికీ పక్కన కొన్ని ఇటుకలు తీశాడు.

మేం ముగ్గురం వంగి చూశాం. ఇటుక తొడుగు వెనక కొయ్య చట్రం ఉంది, కాని కిటికీ దగ్గర స్తంభం లేదు! 18వ శతాబ్దపు మేస్త్రీ పెద్ద కిటికీ పెట్టడానికి స్తంభాన్ని సగానికి కోసేశాడు. పైన మిగిలిన సగం, ఆ పైన దూలం, కప్పు, అన్నీ ఇన్నాళ్ళూ ఆ నాలుగున్నర అంగుళాల ఇటుక మీద నిలబడి ఉన్నాయి. గోడ బరువు మొయ్యదన్నాను చూశారూ? పుట్టినప్పుడు మొయ్యలేదు. రెండు వందల ఏళ్ళుగా మోస్తోంది. "అమ్మా, ఈ ఇటుకలు ఊడబీకితే మీ పడకగది వంటింట్లోకి వస్తుంది" అన్నాడాయన, మా చెల్లెలితో. నవ్వుతూ అన్నాడు గాని ఆమె ముఖం పాలిపోయింది. ముస్తాబుకని కట్టిన చీర ఎముకయి కూర్చుంది.

మా మరిదిగారు నెగ్గారనుకుంటున్నారేమో, ఆగండి. కింద అడుగు దుంగ చూపించాడు. చేత్తో నొక్కితే తడిసిన అట్టలా లోపలికి పోయింది. వీళ్ళు కొనకముందు ఎవరో మేస్త్రీ ఇటుకల సందుల్లో పాత సున్నం గీకేసి, గట్టిగా సిమెంటు దట్టించాడట. సున్నమైతే తడి పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. సిమెంటు వదలదు. సన్న పగుళ్ళలోంచి దూరిన వాననీరు బయటికి రాలేక, వెనక కొయ్యలో చేరింది. "లోపలివైపు కూడా సిమెంటు పూస్తే?" అని మరిదిగారు మెల్లగా అడిగారు. "ఇటూ అటూ మూత పెట్టినట్టవుతుంది. కుళ్ళు త్వరగా పూర్తవుతుంది" అన్నాడు.

మా మరిదిగారి ముఖం కూడా పాలిపోయింది గనుక ఇద్దరూ సమం. కాని నాకు నవ్వు రాలేదు. మా అత్తవారి ఊళ్ళో మండువా ఇంటికి టేకు స్తంభాలుండేవి. రాతిదిమ్మల మీద నిలబడి, కింద గాలి ఆడుతూ ఎన్నో ఏళ్ళున్నాయి. కాళ్ళు చెమ్మగిల్లుతున్నాయని ఒక మేస్త్రీ చెబితే, మేమే దగ్గరుండి వాటికి మోకాలెత్తు సిమెంటు తొడుగు వేయించాం. అందంగా ఉందని నేనే మెచ్చుకున్నాను కూడా. కొన్నేళ్ళకు ఒక తొడుగు పగిలితే చూశాం, లోపల టేకు లేదు, చెదలు తిన్న పొట్టు ఉంది. మండువా దించెయ్యాల్సి వచ్చింది.

మా చెల్లెలి ఇంట్లో చెదలు కాదు, వేరే పురుగు. రాత్రుళ్ళు నా గది దూలంలోంచి టక్ టక్ టక్ మని వరసగా కొట్టిన చప్పుడు వినబడేది. కాసేపు ఆగి మళ్ళీ టక్ టక్. మొదట గడియారమనుకున్నాను. దాన్ని డెత్‌వాచ్ బీటిల్ అంటారు, మృత్యువుకి కాపలా కాసే పురుగని అర్థం. పూర్వం రోగి పక్కన రాత్రంతా మేలుకుని కూర్చున్నవాళ్ళకు ఆ నిశ్శబ్దంలో ఈ చప్పుడు వినబడేది, చావుకబురని భయపడేవారు. నిజానికది జతను పిలుచుకునే పిలుపు, తల కొయ్యకేసి కొట్టుకుంటుంది, వసంతంలోనే. గట్టి ఓక్‌ను అది అంతగా తినలేదు. చెమ్మకు కుళ్ళు పట్టి మెత్తబడితేనే దానికి విందు. కొయ్య పొడిగా ఉంటే అదే తగ్గుతుందని వడ్రంగి చెప్పాడు.

అంత నీరెక్కడిదని ఇంటి చుట్టూ తిరిగి, ఆయన ఒకచోట ఆగాడు. మా చెల్లెలు వంటింటి గోడకు ఆనించి, ముచ్చటగా మూడడుగుల ఎత్తు మన్ను పోసి రోజా మొక్కలు పెంచింది. అడుగు దుంగ ఆ మన్నులో కూరుకుపోయి ఉంది. ఆయన ఒక్క మాటా అనలేదు, పారతో మట్టిని తట్టి చూపించాడంతే. మొగుడూ పెళ్ళాల తగువు ఆ సాయంత్రంతో ఆగిపోయింది.

ఇటుకలు తియ్యలేదు, సిమెంటు పుయ్యలేదు. కప్పు బరువుకి ఉక్కు ఆనకాలు పెట్టి, కొద్దికొద్దిగా ఇటుకలు తీసుకుంటూ కుళ్ళిన అడుగు దుంగను కోసి, కొత్త ఓక్ దుంగ వేశారు. స్తంభాల కాళ్ళు కుళ్ళినంతమేరే కోసి కొత్త కొయ్య అతుకు పెట్టారు. అతుకు మన వడ్రంగులు దూలానికి వేసినట్టే, ఏటవాలుగా కోసి ఒకదాన్నొకటి కరిచేలా. కోసేసిన ఆ సగం స్తంభాన్ని పూర్తి చేస్తారేమోనని చూశాను, చెయ్యలేదు. ఆ కిటికీ కూడా ఇంటి చరిత్రే గదా అన్నాడు వడ్రంగి. ఇటుక బాగా మోస్తోంది, దాన్ని మోయనివ్వండి అన్నాడు. సందుల్లో సిమెంటు సన్న ఉలితో ఓపిగ్గా తీసి సున్నం పెట్టారు. లోపల సున్నపు పూత, పైన వెల్ల. పూత ఆరడానికి వారాలు పట్టింది. ఖర్చు మా మరిదిగారు అనుకున్నదానికి రెండింతలూ, మా చెల్లెలు అడిగినదానిలో సగమూ అయింది.

బిగించేముందు కొత్త దుంగ మీద ఆ ముసలాయన ఉలితో రోమన్ అంకె గీశాడు, పాత వరసలో దానికి రావలసిన అంకె. ఇటుకలు మళ్ళీ పెట్టాక అది ఎవరికీ కనబడదు.

మొన్న ఫోనులో మాట్లాడాను. మూడు రోజులుగా వానట. గోడ పొడిగానే ఉందట, వాసన లేదట. రోజా మొక్కల్ని గోడకు దూరంగా మార్చింది, రెండు బతకలేదని బాధపడింది. దూలంలో చప్పుడు ఇంకా వినబడుతోందా అని అడిగాను. "ఈ ఏడు ఒక్క రాత్రే విన్నాను, అక్కా. మా ఆయన గడియారమన్నారు" అంది.